ఐదుంబావు బస్సు తీర్పులు

మా ఊళ్లో ఒక తరం మొత్తం ఏ సినిమాకూ ముగింపు చూడలేదు. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. చదువుకున్నవాళ్లు సినిమాల మీద లావుపాటి పుస్తకాలు రాశారు. కెమెరా ఎక్కడ పెట్టాలో రాశారు, పాట ఎందుకు పెట్టకూడదో రాశారు. చూసేవాడి బస్సు ఎన్ని గంటలకో ఒక్కడైనా రాశాడా? రాయడు. వాడి ఇల్లు థియేటరు పక్క సందులోనే. అందుకని ఐదో తరగతితో బడి మానేసి, సైకిళ్లు బాగుచేసుకుంటూ, చేతికి దొరికిన కాగితమల్లా చదివి ఇంతవాడినైన నేను రాయవలసి వచ్చింది.

మాకు సినిమా అంటే భద్రాచలం. మా ఊరికీ దానికీ నడుమ అడవి, అడవి నడుమ ఒక వాగు. మ్యాట్నీ రెండున్నరకని బోర్డు మీద రాసి ఉండేది గాని, సిగరెట్లు తాగొద్దని చెప్పీ, సబ్బుల ప్రకటనలు వేసీ, అసలు బొమ్మ మొదలెట్టేసరికి రెండుముప్పావు. అయిపోయేది ఐదున్నరకు. మా ఊరికి ఆఖరి బస్సు ఐదుంబావుకు. చీకటి పడకముందే వాగు దాటాలని డ్రైవరు పట్టు. ఆ బస్సు రాత్రికి మా ఊళ్లోనే ఆగి పొద్దున తిరిగి పోయేది. థియేటరు నుంచి బస్టాండుకు పది నిమిషాల నడక. కాబట్టి సినిమాలో ఎవరు ఏ ఆపదలో ఉన్నా సరే, ఐదింటికి మేం లేవాలి.

లేపే పని నాది. ఎందుకంటే మా జట్టులో చేతి గడియారం నాకొక్కడికే ఉండేది. పెళ్లికి మా మామగారు బోనకల్ నుంచి తెచ్చి పెట్టింది. చీకట్లో దాని ముళ్లు పచ్చగా మెరిసేవి. జనం తెర చూస్తుంటే నేను మణికట్టు చూసేవాణ్ణి. ఒకసారి హీరోను కొండ మీద నుంచి తోసిన క్షణానే ఐదయింది.

"లేవుండ్రి, టైమయింది!"

"ఆగన్నా, ఆడు సచ్చిండో బతికిండో సూసి పోదాం."

"ఆడు బతికితే నిన్ను భుజం మీద మోసుకపోతడా? నడువ్!"

నేల టికెట్టు వాళ్లం ముప్పై మందిమి దుమ్ము దులుపుకుంటూ లేస్తే, వెనక బెంచీల వాళ్లు మా మీద కేకలు వేసేవారు. పట్నం వాళ్లు. వాళ్లకేం తెలుసు.

అసలు సినిమా బస్సెక్కాక మొదలయ్యేది. కండక్టరు టికెట్లు కొడుతూ, "ఏం బొమ్మ? యాడిదాంక సూసిండ్రు?" అని అడిగేవాడు. జరిగినంత కథ చెప్పేవాళ్లం. ఆ తర్వాత ఏమై ఉంటుందో తలా ఒక మాట. అడవి పల్లెల ఆడవాళ్లు తమ భాషలో ఏదో అనుకుని పగలబడి నవ్వేవారు. ఆ భాష తెలిసిన పెద్దాయన ఒకడు అది మాకు తెలుగులో చెప్పేవాడు. చాలాసార్లు వాళ్ల ముగింపే బాగుండేది. అన్నీ విని కండక్టరు తీర్పు చెప్పేవాడు. ఆయన జన్మలో సినిమా చూడలేదు. సెలవు దొరికితే పడుకునేవాడు.

"సూసినోడు ఒక దిక్కు మాట్లాడతడు. నేను సూడలె గనుక నాది ధర్మం" అనేవాడు. తీర్పు చెప్పి రెండు విజిళ్లు వేస్తే అయిపోయినట్టే. అన్నిటికంటే గట్టి నియమం ఒకటుంది: ముగింపు వాగు దాటకముందే తేలాలి. దాటాక మాట మార్చకూడదు. మరునాడు ఊళ్లో ఆ కథే చలామణి.

ఈ నియమం తప్పినవాడు ఒక్క టైలరు. నాకు వరస కలిపి బావా అంటాడు. వాడు ఓసారి థియేటర్లోనే ఉండిపోయి, చివరిదాకా చూసి, బస్టాండు బల్ల మీద పడుకుని పొద్దున వచ్చాడు. వచ్చీరాగానే, "అది గాదు బావా, ఆకర్ల ఆమె సచ్చిపోతది. నా కండ్లార సూసిన" అన్నాడు. నీళ్లకు పోతున్న ఆడవాళ్లు ఆగారు.

"బస్సంత కలిసి బతికిచ్చిన మనిషిని నువ్వొక్కనివి పోయి సంపొస్తవా?"

పదిహేను రోజులు ఒక్క రవిక కూడా వాడి మిషను మీదికి రాలేదు. చివరికి వాడే నా షాపు ముందు నిలబడి నలుగురూ వినేటట్టు, "నాకు నిద్ర పట్టినట్టుంది, కల గిట్ల వచ్చిందేమో" అని ఒప్పుకున్నాడు. న్యాయమంటే అదీ.

ఇంత పకడ్బందీగా నడిచిన బస్సులో ఒక్క సినిమాకు మాత్రం తీర్పు రాలేదు. కారణం నా భార్య.

దానికి ముందు ఇంకో సంగతి చెప్పాలి. పెళ్లయిన కొత్తలో నా షాపు దగ్గరికి రోజూ నలుగురైదుగురు పేపరు వినడానికి వచ్చేవాళ్లు. చదివేది నేను. మా ఊరికి పేపరు రాదు. బెల్లమో, చింతపండో కట్టుకొచ్చిన కాగితం నాకు పేపరు. అయినా కంచుగొంతుతో చదివేవాణ్ణి. ఒకరోజు, గోదావరి పొంగుతోంది, భద్రాచలంలో నీళ్లు వీధుల్లోకి వచ్చాయని చదువుతున్నాను. భద్రాచలం బయల్దేరిన ఒకాయన అప్పుడే ఎడ్లబండి వెనక్కి తిప్పబోయాడు. మా ఆవిడ మంచినీళ్ల చెంబుతో వచ్చి, నా భుజం మీదుగా చూసి, "ఇదిగో, ఆ పేపరు నిరుటిది" అంది. ఏడో తరగతి చదివింది లెండి. నలుగురూ నవ్వారు. నేను లోపలికి పోయి ఒక మాట అన్నాను. ఆ మాట ఇక్కడ రాయను. ఆమె మరునాడే పెట్టె సర్దుకుని పుట్టింటికి, బోనకల్ పోయింది.

నేను తీసుకురావడానికి పోలేదు. షాపు ఎవరు చూస్తారని ఊరందరికీ చెప్పాను. నిజం వేరు. పోతే పేపరు నిరుటిదని ఒప్పుకున్నట్టవుతుంది. అది నిరుటిదని నాకు చదువుతున్నప్పుడే తెలుసు. నెలా పదిహేను రోజులయ్యాక ఆమే తమ్ముణ్ణి తోడు తీసుకుని వచ్చింది. ఏమీ అనలేదు. పొయ్యి వెలిగించింది. నేనూ ఏమీ అనలేదు. అంతటితో అయిపోయిందనుకున్నాను. నా బుద్ధి అంతే మరి.

తర్వాత కొన్నాళ్లకు ఇద్దరం కలిసి మొదటిసారి సినిమాకు పోయాం. అందులో భార్య అలిగి, పెట్టె తీసుకుని రైలు స్టేషన్లో కూర్చుంటుంది. దూరాన రైలు కూత. ఆమె ప్లాట్‌ఫారం చివరికి చూస్తుంది. ఐదయింది. లేపాను.

బస్సులో కథ చెప్పి, మామూలుగా నేనే మొదలెట్టాను. "మొగుడు వస్తడు. ఉరుక్కుంట వస్తడు. రాక యాడికి పోతడు?"

ముందు ఆడవాళ్ల సీట్లోంచి, వెనక్కి తిరక్కుండా, ఒక గొంతు వినబడింది. "రాడు."

ఆ గొంతు ఎవరిదో అందరికీ తెలుసు. బోనకల్ సంగతీ అందరికీ తెలుసు. కండక్టరు నా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, విజిలు నోట్లో పెట్టుకున్నాడు, తీశాడు. వాగు వచ్చింది, దాటింది. విజిలు మోగలేదు.

అప్పటి నుంచి పద్దెనిమిదేళ్లు ఆ మాట మా ఇంట్లో కాపురం చేసింది. నేను వస్తానన్న వేళకు అన్నానికి రాకపోతే, పక్కింటావిడతో "రాడు లే" అనేది. దవాఖానాకు తీసుకుపోతానని మరిచిపోతే "రాడని నాకు ఎరికే" అనేది. నేను ప్రతిసారీ, "ఆ సినిమాల ఆయన వచ్చిండు, కావాల్నంటే ఎవర్నన్న అడుగు" అనేవాణ్ణి. అడగడానికి చూసినవాడేడీ? టైలరు కూడా ఆనాడు మాతోనే లేచి వచ్చాడు. నేను ఆ ఒక్క విషయంలో ఆమె చేత తప్పు ఒప్పించాలి. అదే నా పట్టుదల. ఇంకేం అక్కర్లేదు.

తొంభైల్లో మా ఊరికి కేబుల్ వచ్చింది. ఎవరో కుర్రాడు డిష్ పెట్టి, రోజూ మధ్యాహ్నం ఒక పాత బొమ్మ వేసేవాడు. ఏ రోజు ఏ బొమ్మో కిరాణా కొట్టు ముందు పలక మీద రాసేవాడు. ఆ ఏడాదంతా షాపు మధ్యాహ్నం మూసి, నా సినిమాలన్నీ మళ్లీ చూశాను. మళ్లీ అంటే, చివరి అరగంటలు మొదటిసారి.

ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. కొండ మీద నుంచి తోసిన హీరోను మా బస్సు వాగులో పడేసి, గూడెం వాళ్ల చేత పైకి తీయించి, ఆకు పసరు పూయించి, నెల రోజులు సాకించి పంపింది. సినిమాలో వాడు అసలు పడనేలేదు! ఒక కొమ్మ పట్టుకుని వేలాడుతున్నాడు. ఆ కొమ్మ ఎక్కడిది? కిందికి తోసినప్పుడు నేను చూశాను, కొమ్మ లేదు. ఇంకోదాంట్లో ఊరిని పీడించిన దొరను మేం వాడి పాలేరు ఇంట్లోనే గొడ్లు కాయడానికి పెట్టాం. సినిమాలో పోలీసులు వచ్చి పట్టుకుపోయారు. ఇరవై ఏళ్లు ఆగితే వచ్చింది పోలీసులా?

ఒక్కటి మాత్రం మమ్మల్ని ఓడించింది. ఒక దొంగ, వాడి చెల్లెలు. మేం చెల్లెలికి బాజాలతో పెళ్లి చేసి దణ్ణం పెట్టుకున్నాం. సినిమాలో పెళ్లి లేదు. జైలు నుంచి వచ్చిన అన్న, చెల్లెలు మెట్ల మీద కూర్చుని ఒకే విస్తట్లో అన్నం తింటారు. ఒక్క మాట లేదు. అంతే, అయిపోయింది. నేను చాలాసేపు టీవీ కట్టేయలేదు. మా ఆవిడ వచ్చి, "సబ్బు ప్రకటనకు ఏడుస్తున్నవేంది?" అంది.

ఆ తర్వాత ఒక శనివారం పలక మీద ఆ పేరు కనబడింది. స్టేషన్ సినిమా. రేపు మధ్యాహ్నం.

కండక్టరు అప్పటికి తల నెరిసి, భద్రాచలం బస్టాండులో మైకులో బస్సులు చెప్పే పనిలో ఉన్నాడు. పొద్దున బస్సుకు కబురు పెడితే, ఆదివారం సెలవు పెట్టుకుని వచ్చాడు. టైలరు పిలవకుండానే వచ్చాడు. మా ఆవిడ టీ ఇచ్చి, గోడకానుకుని చేటలో బియ్యం ఏరడం మొదలుపెట్టింది.

"వదినె, మల్ల ఆలోచించుకో. ఇప్పుడన్న మాట మారుస్తవా?" అన్నాడు కండక్టరు.

"వాగు దాటి పద్దెనిమిదేండ్లయింది. ఇంక మార్చేదేముంది?" అంది చేట మీంచి తలెత్తకుండా.

సినిమా నడిచింది. భార్య పెట్టె తీసుకుంది. స్టేషను వచ్చింది. రైలు కూత వినబడిందో లేదో, నేనూ టైలరూ లేచి నిలబడ్డాం. ఒట్టు. కాళ్లు వాటంతట అవే లేచాయి. నేను మణికట్టు కూడా చూసుకున్నాను.

"కూసోండ్రి! బస్సు నేను ఆపుత గని!" అని అరిచాడు కండక్టరు.

కూర్చున్నాం. రైలు వచ్చి ఆగింది. ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టింది. అప్పుడు ప్లాట్‌ఫారం ఆ చివర మొగుడు. కాళ్లకు చెప్పుల్లేవు. ఉరికొచ్చి, ఏమీ అనకుండా, ఆమె చేతిలో పెట్టె తీసుకున్నాడు.

నేను చప్పట్లు కొట్టాను. టైలరు ఈల వేశాడు. "సూసినవా! సూసినవా! వచ్చిండా లేదా? పద్దెనిమిదేండ్ల సంది చెప్తున్న, వచ్చిండని!"

"అవ్" అంది ఆమె. చేట పక్కన పెట్టింది. "సినిమాల ఆయన వచ్చిండు."

అంతే అంది. అని, టీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. లోపల నుంచి గ్లాసులు కడుగుతున్న చప్పుడు వచ్చింది. నా చప్పట్ల చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కండక్టరు గడ్డం గీరుకున్నాడు. "అన్నా, తీర్పు నీదే. నువ్వే గెలిచినవ్" అన్నాడు. చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగి, "గెలిచినోనివి గద, ఒకసారి బోనకల్ దిక్కు పోయి రారాదు?" అన్నాడు.

తర్వాతి నెలలో మా బామ్మర్ది ఇంట్లో ఏదో శుభకార్యమని ఆమె బోనకల్ పోయింది, పది రోజులకు. నాలుగో రోజున షాపుకు తాళం వేశాను. ఖమ్మం దాకా బస్సు, అక్కడి నుంచి ప్యాసింజరు. చెప్పులు వేసుకునే పోయాను. సినిమా కాదు కదా. ఇంటి ముందు ఆమె మిరపకాయల తొడిమలు తీస్తోంది. నన్ను చూసి చెయ్యి ఆపింది.

"ఏమైంది? ఎవరికన్న బాగలేదా?"

"ఏం కాలె. తోలుకపోదామని వచ్చిన."

"ఇంక ఆరు రోజులున్నయి గద?"

ఆ లెక్క నేను వేసుకోలేదు. ఆరు రోజులూ పిలవని అల్లుడిలా అక్కడే ఉన్నాను. వాళ్ల వీధిలో సైకిళ్లన్నీ బాగయ్యాయి. ఒకనాడు అరుగు మీద, బెల్లం కాగితం కాదు, కొన్న పేపరు చదువుతుంటే, ఆమె వచ్చి పైన తారీఖు చూసి, ఏమీ అనకుండా పోయింది. "ఆనాటిది నిరుటిదే" అన్నాను వెనక నుంచి. ఆగలేదు గాని విన్నది.

తిరుగు ప్రయాణంలో స్టేషన్లో ఆమె పెట్టె నేనే పట్టుకున్నాను. బరువు. బోనకల్ మిరపకాయలన్నీ అందులోనే ఉన్నాయి. భద్రాచలంలో అదే ఆఖరి బస్సు, ఐదుంబావుది. మైకులో మా కండక్టరు గొంతు ఆ బస్సు పేరు మూడుసార్లు చెప్పింది, ఒకసారి సరిపోయేది. ఆమె ముందు ఆడవాళ్ల సీట్లో, నేను వెనక. ఎవరో పక్కావిడ పుట్టింటి నుంచేనా అని అడిగినట్టుంది.

"అవ్, బోనకల్ నుంచి" అంది మా ఆవిడ, వెనక్కి తిరక్కుండా, బస్సంతా వినేటట్టు. "మా ఆయన తోలుకపోనీకి వచ్చిండు. జెర లేటయింది."

నేను కిటికీలోంచి చూశాను. వాగు ఇంకా రాలేదు.