మూత తిరిగి బిగించిన దొంగ

నా చిన్నప్పుడు ఏలూరులో మా ఇల్లు కాలవకి ఇవతల, మా బడి కాలవకి అవతల ఉండేవి. మధ్యలో వంతెన. ఆ వంతెన రోజూ నేను నడిచి దాటేదాన్ని, మా చెల్లి సైకిలు మీద దాటేది. చిన్నతనంలో నాకు జరిగిన అన్యాయాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు.

సైకిలు మాది కాదు, పక్కింటి అక్కది. అప్పుడే నర్సు ట్రైనింగు ముగించి, ఊరి అవతలి చివర ఒక చిన్న ఆసుపత్రిలో కొత్తగా చేరింది. ఆకుపచ్చ లేడీస్ సైకిలు, చీర చిక్కుకోకుండా వెనక చక్రానికి దారాల వల. మా పేటలో సైకిలు తొక్కే ఆడమనిషి అప్పటికి ఆవిడొక్కతే. ఆవిడ వెళ్ళే దారిలోనే మా బడి కాబట్టి, పిల్లల్ని దింపమని మా అమ్మ అడిగింది. వెనక క్యారేజీ మీద చోటు ఒక్కరికే. నాకు పదకొండేళ్ళు, చెల్లికి ఎనిమిది. చిన్నపిల్ల అంత దూరం నడవలేదని అమ్మ తేల్చేసింది. నేను నడవగలను కాబట్టి నడవాలట.

నేను పావుగంట ముందు బయల్దేరేదాన్ని. సరిగ్గా వంతెన మధ్యకి వచ్చేసరికి వెనక బెల్లు మోగేది. చెల్లి నన్ను దాటిపోతూ చెయ్యి ఊపేది. పాపం అది వెక్కిరింపు కాదు, అక్క కనబడిందన్న సంతోషం. అయినా నాకు ఒళ్ళు మండిపోయేది. దాని రిబ్బన్లు గాలికి ఎగరడం కూడా నన్ను ఏడిపించడానికే అనిపించేది.

సైకిలు చక్రంలో గాలిని పట్టి ఉంచేది వాల్వులోని చిటికెడు రబ్బరు గొట్టం. దాన్ని లాగేస్తే ఎంత గాలి కొట్టినా నిలవదు. ఈ చదువు నాకు వంతెన పక్క సైకిలు షాపు ముందు నిలబడి అబ్బింది. అక్కావాళ్ళు క్రైస్తవులు. పొద్దున్నే ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక పాట పాడి, తరవాత కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. ఎంతసేపు కళ్ళు మూసుకుంటారో గోడ ఇవతల ఉన్న నాకు బాగా తెలుసు. ఒక సోమవారం ఆ వ్యవధిలో వాళ్ళ వరండాలోకి వెళ్ళి, ముందు చక్రం రబ్బరు లాగేసి, నట్టూ మూతా యథాప్రకారం బిగించి వచ్చేశాను.

ఇక ముగ్గురం కలిసి నడుస్తామని నా ఆశ. అక్క మాత్రం చెల్లిని క్యారేజీ మీద కూర్చోబెట్టి, సైకిలు నడిపించుకుంటూ బయల్దేరింది. నేను పక్కన నడుస్తున్నాను, చెల్లి ఊరేగింపులో దేవుడిలా కూర్చుని ఉంది. షాపతను పంక్చరనుకుని ట్యూబంతా నీళ్ళలో ముంచి చూసి, చివరికెప్పుడో అసలు సంగతి కనిపెట్టాడు. ఆ కోపంతో మర్నాడు కూడా అదే పని చేశాను.

మంగళవారం సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ అమ్మ ఎంతో బాధపడింది. అక్క వరసగా రెండు రోజులు డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళిందట. ఆవిడ వచ్చేదాకా రాత్రి డ్యూటీ నర్సు ఇంటికి పోవడానికి లేదట. ఇంకొక్క రోజు ఆలస్యమైతే మరి రానక్కర్లేదని పెద్ద నర్సమ్మ చెప్పేసిందట. ఆ ఇంట్లో ఉద్యోగం చేసేది అక్కొక్కతే. రెండు రబ్బరు ముక్కలూ నా పెన్సిలు డబ్బాలోనే ఉన్నాయి.

కాసేపటికి అక్క గోడ మీంచి నన్ను పిలిచింది. నా పని అయిపోయిందనుకుంటూ వెళ్ళాను. ఆవిడ సైకిలు పక్కన చతికిలబడి వాల్వు మూతని వేళ్ళతో తిప్పుతోంది.

"ఎవరోగానీ చాలా మర్యాదస్తులమ్మా," అంది. "రబ్బరు తీసుకుని, మూత మళ్ళీ బిగించి మరీ వెళ్ళారు. మన ఊళ్ళో మూత చేతికొచ్చాక ఎవరైనా వదులుతారా?"

అక్క నా చేతిలో కొత్త రబ్బరు ముక్క ఒకటి పెట్టింది, గాలి పంపు నా కాళ్ళ దగ్గర ఆనించింది.

"రేపట్నుంచి ఈ చక్రాల్లో గాలి నీ పూచీ. మేం ప్రార్థనలో ఉన్నప్పుడు వచ్చి చూసుకో. అప్పుడైతే ఇక్కడ ఎవరూ ఉండరు కదా."

నేనే తీశానని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. సరేనక్కా అని మాత్రం అనగలిగాను.

మర్నాడు పాట ఆగగానే వెళ్ళాను. బొటనవేలితో చక్రాన్ని నొక్కి చూశాను, గట్టిగా ఉంది. ఇంతలో మా గుమ్మంలో చెల్లి, తల దువ్వించుకుని, పుస్తకాల సంచి తగిలించుకుని సైకిలెక్కడానికి సిద్ధంగా కనబడింది. దాన్ని చూడగానే నా వేళ్ళు మూత మీదికి పోయాయి. లోపల అందరి కళ్ళూ మూసే ఉన్నాయి. అక్క కళ్ళు కూడా నిజంగా మూసి ఉన్నాయో లేదో నాకు ఈనాటికీ తెలియదు. మూత తీశాను. పంపు తగిలించి, అవసరం లేకపోయినా నాలుగు పోట్లు గాలి కొట్టి, మూత బిగించేశాను.

ఆ రోజు కూడా వంతెన మధ్యలో బెల్లు మోగింది, చెల్లి చెయ్యి ఊపింది, నాకు ఒళ్ళు మండింది. అయినా నా చూపు ముందు చక్రం మీదికే పోయింది. అది నిండుగా, నున్నగా దొర్లిపోతోంది. అక్క వేళకి ఆసుపత్రికి చేరింది. ఆ ఉద్యోగంలోనే ఉండి, తరవాత్తరవాత తనే పెద్ద నర్సమ్మ అయింది. ఆ రబ్బరు ముక్కల మాట మాత్రం మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

నాలో కుళ్ళు పోలేదు. పోతుందని అక్క కూడా అనుకున్నట్టు లేదు. అందుకే దానికొక పని అప్పజెప్పి ఊరుకుంది.

ఇప్పుడు మా చెల్లి తాడేపల్లిగూడెంలో ఉంటోంది. ఈ వయసులోనూ కూరల మార్కెట్టుకి సైకిలు మీదే వెళ్ళి వస్తుంది. నా మోకాళ్ళు ఏనాడో మొరాయించాయి, దాని ఇంటికి నేను ఆటోలో దిగుతాను. అది సంచి తగిలించుకుని ఒక్క ఊపులో సైకిలెక్కుతుంటే నాకు అసూయే, దాచుకునేదేం లేదు. అయితే అది వీధిలోకి రాకముందే నేను వెళ్ళి, వంగలేక వంగి, ముందు చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూస్తాను. నిన్ననే గాలి కొట్టించానే అక్కా, నీకీ చాదస్తం ఏమిటే అని అది నవ్వుతుంది. మూత వదులుగా ఉందేమో చూసి, మరొక్క చుట్టు బిగిస్తాను.