ముందు చీటీ, తర్వాత ఊరు

మా పక్క ఫ్లాట్ ఆపా శుక్రవారం పొద్దున్న పోయింది. ఆసుపత్రి నుంచి ఆమె భర్త భాయ్‌సాబ్ ఫోన్ చేసినప్పుడు నేను దోసెలు పోస్తున్నాను. గుండె ఆగిపోయిందట. "పోయింది బేటా" అన్నారు. తర్వాత అసలు సంగతి చెప్పారు. జగిత్యాల నుంచి ఆమె తమ్ముడు ఒకటే ఏడుపట. "దుబాయ్ మట్టిల ఆపాను ఇడ్సిపెడ్తవా దూలాభాయ్? ఆడ మోసెతందుకు మనోళ్లు ఎవలున్నరు?" అని నిలదీశాడట. ఊళ్ళోవాళ్ళకు గల్ఫంతా దుబాయే, ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు.

"నీతోని ఏమన్న అన్నదా బేటా? ఊరికి తీస్కపోవాల్నా, ఈడనే పెట్టాల్నా? నాతోని ఎన్నడు అనలే" అన్నారు భాయ్‌సాబ్. ఆలోచించి చెబుతానని ఫోన్ పెట్టేశాను. స్టవ్ మీద దోసె మాడిపోయింది.

ఆపా జగిత్యాలలో చరిత్ర టీచరు. పెళ్ళయ్యాక భర్త వెంట ఖతర్‌లో ఈ అల్ ఖోర్‌కు వచ్చింది. బడి వదిలినా ఆమెను పాఠం వదల్లేదు. సెలవు రోజు సాయంత్రం మా బిల్డింగ్ పిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టి చరిత్ర చెప్పేది. అందులోనూ ఏథెన్స్, స్పార్టాల తగువంటే ఆమెకు ప్రాణం. రెండువేల అయిదువందల ఏళ్ళ నాటి ఊళ్ళ గురించి నిన్న మెట్ల మీద జరిగిన గొడవలా చెప్పేది.

ఒకరోజు స్పార్టా భోజనమంటూ పిల్లలను నేల మీద వరసగా కూర్చోబెట్టి ఉప్పూ కారమూ లేని పప్పుచారు పోసింది. పిల్లలు మొహాలు మాడ్చుకున్నారు. "స్పార్టోళ్లు ఒక్క మాటల జవాబు చెప్తరు. ఎట్లున్నది?" అని అడిగింది. మా అమ్మాయి "చెత్త" అంది. ఆపా పడీ పడీ నవ్వింది. "మా ఆయన బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంప్‌ల పదేండ్లు గిట్లనే మెస్‌ల తిన్నడు. నేనొచ్చినంకనే ఏథెన్స్‌ల పడ్డడు" అంది. లోపలి గదిలో డ్యూటీ బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్న భాయ్‌సాబ్ దగ్గి ఊరుకున్నారు.

రెండు ఊళ్ళలో ఏది మేలని అడిగితే మగపిల్లలంతా స్పార్టా అని అరిచేవారు. కత్తులూ డాళ్ళూ కదా మరి! "ఆగుండ్రి. ముందు చీటీ తియ్యిండ్రి, తర్వాత ఊరు కోరుకోండ్రి" అనేది ఆపా. ఎవరుగా పుడతావో ముందు చీటీలో తేలాలి. ఆడపిల్ల చీటీ వస్తే ఏథెన్స్‌లో గడప దాటడం కష్టం, స్పార్టాలో పరుగుపందేలు ఆడొచ్చు. బానిస చీటీ వచ్చినవాడికి ఏ ఊరూ నచ్చేది కాదు, మూతి ముడుచుకుని మూల కూర్చునేవాడు. ఒకసారి మా అమ్మాయికి పరదేశి చీటీ వచ్చింది.

"స్పార్టాల పరదేశిని ఉండనియ్యరు, ఎల్లగొడ్తరు. ఏథెన్స్‌ల ఉండనిస్తరు. పని చేస్కోవాలె, పన్ను కట్టాలె, ఊరోడొకడు జామీను ఉండాలె. ఇల్లు కొననియ్యరు, సభల మాట్లాడనియ్యరు. తాతల కాడికెంచి ఉన్నా పరదేశే" అని చెప్పింది ఆపా.

"అంటే మనలాగేనా ఆంటీ?" అంది మా అమ్మాయి.

"గిది పరీక్షల రాయకు బిడ్డా, మార్కులు రావు" అంది ఆపా.

తాతల నాటి నుంచి ఉన్నా పరదేశే అన్న ఆ మాటకు రాత్రంతా నాకు ఒళ్ళు మండింది. నాది గుంటూరు నోరు, ఊరుకోదు. మర్నాడు ఆమె వంటింట్లో గోంగూర తుంచుతూ ఆపాను కడిగేశాను. "ఎన్నాళ్ళున్నా మనది కాని దేశంలో ఈ వేళ్ళాడటం ఎందుకు ఆపా? నేనైతే చావటానికైనా గుంటూరే పోతా" అన్నాను. ఆమె తలెత్తలేదు. "దేశం నాది గాదు, నాకెర్కే. గని ఈడ గడిపిన దినాలు నావే గదా. వాటిని ఇడ్సి నేనేడికి పోవాలె?" అంది. అప్పుడది మాటకు మాట అనుకున్నాను. పంతం కొద్దీ వాదించాను కూడా.

భాయ్‌సాబ్‌కు ఫోన్ చేసి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. నా నోటితో ఆమె వాదం నేనే గెలిపించాల్సి వచ్చింది. "అయితె ఈడనే" అన్నారాయన. ఆమెను ఇంటికి పంపే దారి మూసేసింది నేనేనేమోనని ఏడ్చాను. జగిత్యాల తమ్ముడి మొహం నేనెప్పుడూ చూడలేదు, అయినా అదే కళ్ళ ముందు మెదిలింది.

జుమ్మా నమాజయ్యాక, ఆడవాళ్ళను లోపలికి రానివ్వరని ఖబరస్తాన్ గోడ బయట కారులో నేనూ మా అమ్మాయీ కూర్చున్నాం. భాయ్‌సాబ్‌తో వచ్చిన తెలిసినవాళ్ళు నలుగురైదుగురే. కానీ మసీదు నుంచి జనం అలా వస్తూనే ఉన్నారు. బెంగాలీలు, పఠాన్లు, ఈజిప్టువాళ్ళు, యూనిఫాం కూడా మార్చుకోని డ్రైవర్లు. పోయింది ఎవరో వాళ్ళకు తెలియదు. ఒకరి భుజం కింద నుంచి ఇంకొకరు దూరి ఆపా జనాజాను, ఆ పాడెను అందుకుంటున్నారు, నాలుగు అడుగులు వేసి పక్కవాడికి ఇస్తున్నారు. ఆ తోపులాటలో భాయ్‌సాబ్‌కే చోటు దొరకలేదు, ఖాళీ చేతులతో వెనకాల నడుస్తున్నారు. ముందున్న కుర్రాడెవరో వెనక్కి తిరిగి ఆయన మొహం చూశాడు. ఏమీ అడగకుండా తన భుజం తప్పించి, ఆయనకు చోటిచ్చాడు.