ఎడారి తుమ్మల పాదులు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. మా బాపు ఎడారి ముచ్చట్లు చెబుతుంటే నేను ఊఁ కొడుతూ ఒళ్లో పుస్తకం చదువుకునేదాన్ని. గల్ఫ్‌లో ఒక జాతీయ పార్కులో పన్నెండేళ్లు తుమ్మచెట్లకు నీళ్లు పోసి వచ్చిన మనిషి దగ్గర చెప్పడానికి ఏముంటుందిలే అని నా చిన్నచూపు.

నిన్న కాలేజీ లైబ్రరీలో ఆ పార్కు సాంస్కృతిక చరిత్ర అంటూ ఒక బరువైన పుస్తకం కనబడింది. డేగలతో వేటాడిన షేకులకు యాభై పేజీలు, ఒంటె మీద ఒక్కసారి ఆ దారిన పోయిన దొరకు ముప్పై. ఆయన దాహంతో ఎక్కడ కూలబడ్డాడో చూపించే పటం కూడా. కంచె వేసినవాళ్లకు, జింకల తొట్లు నింపినవాళ్లకు ఒక్క వాక్యం లేదు. అంతటితో వదిలేసినా బాగుండేది. తుమ్మ మొదళ్ల చుట్టూ పేర్చిన రాళ్ల ఫొటో వేసి, ఇవి పురాతన సంచారజాతులు చెట్లను పూజించిన స్థలాలని పండితుడుగారు తేల్చేశారు. చెట్టుకు నీళ్లెలా పోస్తారో ఎన్నడూ చూడని పాండిత్యం అది.

అవి పాదులు. ఇసుకలో మట్టిగట్టు నిలవదని బాపూ, మా పక్క ఊరు ముప్కాల్ నుంచి పోయిన ఇద్దరూ, సిరికొండ మేస్త్రీ కలిసి రాళ్లతో కట్టిన పాదులు. తిరిగొచ్చిన ఏడాది, వీధంతా పసుపు ఉడికే వాసన నిండిన రోజుల్లో, ఆయన మా వాకిట్లో నిమ్మమొక్క చుట్టూ అట్లాగే రాళ్లు పేర్చి చూపించాడు.

"గాడ పన్నెండేండ్లు మోసింది సాల్లేదా, గీడ గూడ రాళ్లేనా?" అని అమ్మ ఎత్తిపొడిచింది.

"నీకే, రోజూ బిందె మోసుడు తప్పుతది," అన్నాడు బాపు. నేను ఒక కన్ను పేజీ మీదే ఉంచి చూశాను.

ఆ రచయితకు ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. ఏ ఏడు కట్టారు, ఎన్ని చెట్లకు, రాయి ఎక్కణ్నుంచి తెచ్చారు, ఒక్కటీ నాకు తెలియదు. బాపు చెప్పే ఉంటాడు. ఆయన పోయి రెండేళ్లు. మేస్త్రీ అంతకుముందే పోయాడు. ముప్కాల్ వాళ్ల పేర్లు కూడా నేను గుర్తుపెట్టుకోలేదు. ఇప్పుడు గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు ఫోన్లో వీడియో చూపించి ఊరుకుంటారు, కూర్చుని ముచ్చట చెప్పేవాళ్లు లేరు. పండితుణ్ని మనసారా తిట్టుకుని, మధ్యలోనే ఆగిపోయాను. ఆయన బాపును ఎన్నడూ చూడలేదు. నేను పక్కనే కూర్చున్నాను.

దవాఖానలో చివరి సాయంత్రం బాపు మళ్లీ ఎడారి మాట ఎత్తాడు. నేను వేలు పేజీల మధ్య ఉంచి పుస్తకం మూశాను. ఆ వేలును చూశాడు.

"సదువుకో బిడ్డా. గివి కూలోళ్ల ముచ్చట్లు, యాడికి వోతయ్."