మిగిలిన నట్టు

నందిగామలో లెక్కల మాస్టారు లక్ష్మీకాంత్‌కు తన బండి మీద ఇంకొకరు చెయ్యి వేస్తే నచ్చదు. ఫోన్లో వీడియోలు చూసి అన్నీ తనే విప్పి బిగించేవాడు. ఒక ఆదివారం వెనక చక్రం విప్పి బ్రేకులు మార్చాడు. అంతా బిగించాక, కింద పరిచిన పేపరు మీద ఒక నట్టు మిగిలిపోయింది. మెకానిక్కును అడిగితే నవ్వుతాడని సిగ్గేసింది. బండి మామూలుగానే నడుస్తోంది కదా అని ఊరుకున్నాడు.

మర్నాడు తోటి మాస్టారు కోదండపాణి కీసరలో పెళ్లికి వెళ్లాలని బండి అడిగాడు. నట్టు సంగతి చెప్పడానికి నోరు రాక లక్ష్మీకాంత్ తాళం ఇచ్చేశాడు. హైవే మీద బ్రేకు వేయగానే వెనక చక్రం బిగుసుకుపోయి కోదండపాణి పడ్డాడు. మోకాలు విరిగింది. రోడ్డు మీద ఇసక వల్లేనని అందరూ అనుకున్నారు. లక్ష్మీకాంత్ కూడా అవునన్నాడు.

తర్వాత నాలుగేళ్లూ స్కూలు వరండాలో కాలు ఈడ్చే చప్పుడు వినపడితే చాలు, అతని చేతిలో సుద్దముక్క ఆగిపోయేది. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా చెవిలో అదే చప్పుడు.

కోదండపాణికి జగ్గయ్యపేట బదిలీ అయింది. బస్టాండులో సాగనంపుతూ లక్ష్మీకాంత్ అంతా చెప్పేశాడు.

"తెలుసండీ," అన్నాడు కోదండపాణి. "బండి చూసిన మెకానిక్కు ఆ రోజే చెప్పాడు. మీరే చెప్తారని ఎదురుచూశా."

"మరి అడగలేదేం మాస్టారూ?"

"అడిగాక చెప్తే ఏముందండీ?"

ఇప్పుడు లక్ష్మీకాంత్ నెలకోసారి బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్తాడు. కోదండపాణి కాఫీ ఇస్తాడు, పిల్లల చదువుల గురించి మాట్లాడతాడు. పోనీలెండి అన్న మాట మాత్రం ఇంతవరకూ అనలేదు.