గునుగు మోపుకు కట్టిన ఎర్రగుడ్డ

చివ్వెంల దిక్కు కలుపుకు పోయే ఆడోళ్లల్ల ఆండాలు చెయ్యి ముందు. నోరు అంతకంటె ముందు. చేను గలాయనను నాలుగు మాటలు అనకపోతే ఆమెకు తిన్న బువ్వ అరగదు. చేన్ల కలుపుగ మొలిచే గునుగును మాత్రం అందరి తీరుగ పీకి పారెయ్యదు. లేత ఆకు కూరకు గిల్లుకుంటది, మిగిలింది మోపు కట్టి ఇంటికాడి గొర్రెపిల్లలకు ఏస్తది. గట్టు పొంట ఒక వరుసనైతే ఎవ్వలనూ ముట్టనియ్యదు. రేపు బతుకమ్మకు తెల్లగునుగు ఏడికెల్లి తెస్తరే, మీ అత్తగారింటికెల్లా అని తోటి కూలోళ్లను కసురుతది.

పెనిమిటి లింగస్వామి మందను మేపుకొస్తడు. ఇంటికాడ కట్టేసే పిల్లల బాధ్యత ఆండాలుదే. ఈ వానకాలం తల్లి సచ్చిన పిల్ల ఒకటి ఆమె చేతికొచ్చింది, నొసట తెల్లమచ్చది. సీసాతోటి పాలు తాపి, కొంగుల పండవెట్టుకొని సాకింది. ఆమె గొంతు వింటే సాలు, అది తాడు తెంపుకునేటంత పని జేస్తది. కన్నబిడ్డలను గూడ గంత ముద్దు జెయ్యలేదని లింగస్వామి ఎక్కిరిస్తడు.

గప్పుడే చంద్రమౌళి కాడికెల్లి కబురొచ్చింది, ఈ యేడు కలుపుకు రావొద్దు, గడ్డిమందు కొట్టిస్తనని. ఏండ్ల సంది ఆండాలు గుంపే ఆయన పత్తిచేన్ల కలుపు తీసేది. కూలోళ్లు దొరుకుతలేరని ఆయన అంటడు, మేమేమన్న సచ్చినమా అని ఈమె అంటది.

ఇగ ఎర్రగుడ్డ సంగతి చెప్పాలె. మందు కొట్టిన చేనుకు ఎర్రగుడ్డ కడితే గొర్లోళ్లు అటు రారు. మంచి కట్టుబాటే. కానీ రైతులు తెలివి మీరిండ్రు. మంద గట్టెక్కితే సాలు వాళ్లకు ఒళ్లు మండుతది, అందుకే మందు కొట్టకున్నా గుడ్డ కడుతుండ్రు. పోయినేడు చంద్రమౌళి గట్లనే ఉత్తగుడ్డ కట్టిండు. లింగస్వామి మంద పాపం ఎండల చుట్టు తిరిగిపోయింది. సంగతి తెలిసినంక ఆండాలు ఊరు ఊరంతా వినేటట్టు తిట్టింది.

గందుకే, మొన్న మాపటియాళ్ల వేరే చేన్ల పని చేసి చంద్రమౌళి గట్టు మీదికెల్లి వస్తుంటే కంచె కంపకు ఎర్రగుడ్డ కనవడంగనే ఆమెకు నవ్వొచ్చింది. కింద గునుగు నవనవలాడుతుంది, గడ్డిమందు కొట్టింటే ఈపాటికి వాడకపోవునా అనుకుంది. ఆకు తడిగుంటే మబ్బు తుంపర అనుకుంది. రొంపతోటి ముక్కు దిబ్బడేసి ఉండె, వాసన తెలువలే. మళ్ల మొదలువెట్టినవా మౌళీ అనుకుంట గుడ్డ ఇప్పింది, గునుగు కోసింది, ఆ గుడ్డతోనే మోపు కట్టింది. కసి తీరినట్టయింది. ఇంటికొచ్చి, కూరకు గూడ గిల్లుకోకుండ ఆ గునుగంత మచ్చదానికే ఏసింది.

తెల్లారి మచ్చది నురగ కక్కుతుంది. లింగస్వామి దాన్ని భుజానేసుకొని ఊళ్లె పశువుల దవాఖానకు ఉరికిండు. డాక్టరు నోట్లె చూసి మందు తిన్నదన్నడు. సూది ఏసి, ఏం మందో తెలిస్తే ఇంకేమన్న చేస్తరు, డబ్బా పట్టుకొని సూర్యాపేట పెద్ద దవాఖానకు పొమ్మన్నడు. గునుగు ఏడిదని మొగడు అడిగితే ఆండాలు మౌళి చేనుదని మాత్రం చెప్పింది. గుడ్డ మాట మింగింది. భయమైంది, అంతే.

ఇద్దరూ పిల్లతోటి చంద్రమౌళి వాకిట్లకు పోయిండ్రు. గుడ్డ కట్టకుండ మందు ఎట్ల కొట్టినవని లింగస్వామి అంగి పట్టిండు. జనం కూడిండ్రు. చంద్రమౌళి మొఖం పాలిపోయింది. కట్టిన అంటే ఎవరు నమ్ముతరు, పోయినేటి సంగతి అందరికీ ఎరుకే. మందే కొట్టలేదని, నా కాడ ఏ డబ్బా లేదని బొంకిండు. లింగస్వామి చెయ్యెత్తిండు. ఆండాలు ఒళ్లె పిల్ల ఎగపోస్తుంది.

ఆమె కొంగుల దాసిన గుడ్డ తీసింది.

"కట్టినవు తమ్మీ. ఇప్పింది నేను. ఇగ డబ్బా ఇయ్యి."

లింగస్వామి చెయ్యి దిగింది. చంద్రమౌళి ఇంట్లకు ఉరికి డబ్బా తెచ్చిండు, బండి ఆయనే నడిపిండు. ఎనక కూసున్న ఆండాలు పిల్ల నోరు తుడుసుకుంట, మచ్చీ మచ్చీ అని పిలుసుకుంట పోయింది. సూర్యాపేట ఇంక రాకముందే ఆ పిలుపుకు అది చెవి కదిలిచ్చుడు బంజేసింది. చంద్రమౌళి బండి ఆపిండు. ఇద్దరూ రోడ్డు పక్కకు దిగిండ్రు. బొంకకపోతే బతుకునేమో అని ఆయన అనలే, ఇప్పకపోతే బతుకునేమో అని ఆమె అనలే. ఇద్దరి మనసుల అదే ఉంది.

పిల్లను చంద్రమౌళి చేను పక్కన్నే పూడ్చిండ్రు. గునుగు అప్పటికే తలకాయలు వాల్చింది. ఈసారి గాడ పూలు తెంపే పని లేదు. ఆండాలు గుడ్డను మళ్ల కంపకే, ముడి మీద ముడి ఏసి కట్టింది.

"ఇగ ఎన్నడూ ఉత్తగ కట్ట, అక్కా," అన్నడు చంద్రమౌళి.

అంతల గొర్లు కాసే పోరడు నగేష్ మంద ఆ గట్టు దిక్కే వస్తుంది. నగేష్ గుడ్డను చూసి నవ్విండు.

"ఉత్తదే గదా, అత్తా?"

ఆండాలు లేచి పోయి గట్టుకు అడ్డం కూసుంది. పొద్దుగూకి, ఆఖరి గొర్రె దాటిపోయేదాక గాడికెల్లి లేవలే.