తపస్సు మాను కింద నిలబడి

మా అన్న అర్జునుడు. అతిశయోక్తి నా పుట్టుమచ్చే గానీ, ఈ ఒక్క మాటలో మాత్రం అది లేదు. మా వైపు ఎండాకాలం వస్తే ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం ఆడతారు. అందులో ఒకరోజు అర్జునుడు పద్యాలు పాడుకుంటూ తపస్సు మాను, అంటే గుడి ముందు పాతిన నిలువెత్తు కొయ్యస్తంభం, ఎక్కి పైనుంచి నిమ్మకాయలు విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్లు కింద కొంగులు పట్టుకుని నిలబడతారు. ఆ మాను ఎత్తు ఎంతంటారా? పైకెక్కితే బెంగళూరులో ఎవరింట్లో ఏ కూర ఉడుకుతోందో తెలుస్తుందని నేను చిన్నప్పటి నుంచి చెబుతున్నాను. ఇంతవరకు ఎవరూ ఎక్కి చూసి కాదనలేదు.

జుట్టు నెరిసేదాకా ఆ మాను ఎక్కింది మా అన్నే. కింద కొంగు పట్టుకున్న వాళ్లలో మా వదిన కూడా ఉండేది, ఏటా, మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఎక్కడ ఆడితే అక్కడ. ఆమె కొంగులో ఒక్క కాయా పడలేదు. వాళ్లకు పిల్లలూ కలగలేదు. అర్జునుడు గురి చూసి విసరకూడదు. అది కట్టుబాటు.

పోయిన కార్తీకంలో వదిన పోయింది. ఆసుపత్రిలో చివరిరోజుల్లో ఒకసారి నవ్వుతూనే అంది: "ఏం సామీ, నన్ను సూస్తా సూస్తానే పక్కామెకు ఏస్తివి గదా, ప్రతి ఏడూ."

"పైనుంచి తలకాయలే ఆవగింజలంత ఉంటాయి. నువ్వు యాడ కనపడతావే?" అన్నాడు అన్న.

"సర్లే, నమ్మినా" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

నవ్వులాటకు అందో, ఇన్నేళ్లూ కడుపులో పెట్టుకుని అందో అన్నకు అర్థం కాలేదు. ఆమె నిలబడిన చోట తాను నిలబడి ఒకసారి పైకి చూస్తే తేలిపోతుందన్నాడు. కింది నుంచి అర్జునుడి చూపు తెలియకపోతే వదిన ఆటపట్టించినట్టు. తెలిస్తే? ఆ మాట మేమిద్దరం అనుకోలేదు. ఈ ఎండాకాలం బస్సెక్కాం.

మదనపల్లెలో అప్పటికే భారతం ముగిసి మాను దించేశారు. ఆ చోటంతా టమాటా క్రేట్లు, హిమాలయానికి తమ్ముడిలా పేర్చి ఉన్నాయి. శివుడు పాశుపతం ఇస్తుంటే కూడా ఫోనులో మార్కెట్టు ధర కనుక్కునే ఊరది. కానీ పద్యంలో ఒక్క అక్షరం తప్పితే ఆ ఫోను చెవికి పెట్టుకునే, "అప్పా, మళ్లీ పాడు" అంటారు.

పుంగనూరులో మాను ఇంకా నిలిచే ఉంది, ఉత్తదే. జమీందార్లు పోయి ఇంతకాలమైనా ఆ ఊరి దర్జా పోలేదు. అక్కడ టీ అడిగినా ఫర్మానా చదివినట్టే ఉంటుంది. అన్న మాను కింద నిలబడి తలెత్తాడు. పైన ఒక కాకి. పూలమ్మే ముసలామె దర్జాగా అడిగింది: "ఏమప్పా, ఈ వయసులో నీకు బిడ్డ గావాల్నా?" వదిన పోయాక అన్న నవ్వడం నేను అప్పుడే చూశాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

కుప్పంలో ఆరోజే తపస్సు. పద్యం తెలుగులో, దాని మీద తగాదా తమిళంలో, ఏడ్చే బిడ్డకు బుజ్జగింపు కన్నడంలో. ముక్కోటి దేవతలు దిగివచ్చినా ఎవరి భాషలో వాళ్లకు అక్కడ చుట్టాలు దొరుకుతారు. అన్న తిన్నగా ఆడవాళ్ల మధ్యకు నడిచాడు, వెనకే నేనూ.

"ఇది ఆడోళ్లు నిలబడే తావన్నా, అట్ట పో" అని ఒకామె కసిరింది.

"నా ఇంటామె నిలబడే తావమ్మా ఇది. ఆమె లేదిప్పుడు."

ఆమె కొంచెం జరిగి చోటిచ్చింది.

కొత్త అర్జునుడు ఎక్కాడు. మా అన్న గొంతులో పదో వంతు లేదు గానీ బాగానే పాడాడు. పైకెక్కి, జోలెలో చెయ్యి పెట్టి, కిందికి చూశాడు.

అన్న నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "రేయ్, వాడు నన్నే సూస్తాండాడురా."

నేనూ తలెత్తాను. ఆ అర్జునుడు నన్నే చూస్తున్నాడు. పక్కన చోటిచ్చిన ఆమె కొంగు పైకెత్తి, "నన్నే సూసినాడు, నన్నే" అంటోంది. కాయ ఎక్కడో దూరంగా పడింది. ఆమె చేతులు చాలాసేపు అలాగే ఉండిపోయాయి. అన్న ఆ చేతుల్నే చూస్తూ నిలబడ్డాడు.

అర్జునుడు దిగేదాకా అన్న అక్కడి నుంచి కదల్లేదు. దిగగానే అడిగాడు: "నాయనా, పైనుంచి కింద ఎవురన్నా కనపడినారా?"

"ఎవురూ కనపడరన్నా. మీకు తెలియందా?"

"నాకు తెలుసప్పా. కింద నిలబడినామెకెట్ట తెలుస్తాది?" అని, ఆ అర్జునుడి ముఖం మీద చెమటతో కారుతున్న రంగును అన్న తన తువ్వాలుతో మెల్లగా తుడవసాగాడు.