జానెడు ఎత్తులో ఆగిన మాట

మీరంతా ‘పాత క్రేన్’ అనే పేరుతో ఎరిగిన మనిషి పోయిన గురువారం ఉదయం చనిపోయారు. పాల ప్యాకెట్టు తెచ్చి గట్టు మీద పెట్టి, చెప్పులు విప్పడానికి కూర్చున్నవారు మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. మా వీధిలో ఈ కబురు పది గంటలకల్లా అందరికీ చేరింది. ఈ చర్చావేదికలో మాత్రం ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఇక్కడ ఆయన పేరు పక్కన ‘చివరిసారి కనిపించింది బుధవారం’ అని ఉంది, ఊరెళ్ళిన మనిషికి ఉన్నట్టు.

ఆయన మా పక్కింటి మావయ్య. గోపాలపట్నంలో మా రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. ఆయన పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. మొదట ఓడల్లో సరుకుకి తీగతాళ్ళు కట్టే కలాసీ, తర్వాత క్రేన్ ఆపరేటర్. మీకు తెలియనిది ఇంకొకటి ఉంది. ఇక్కడ ఆయన పేరుతో వచ్చిన ప్రతి అక్షరాన్నీ టైపు చేసింది నేను. దాదాపు అన్ని మాటలూ ఆయనవి. ఒక్క జవాబు మాత్రం కాదు. దాని గురించి కూడా చెబుతాను.

నేను ఒక స్కూల్లో లైబ్రరీ చూసుకుంటాను. చిన్నప్పుడు కాన్వెంట్లో తెలుగు మాట్లాడితే గోడవైపు తిప్పి నిలబెట్టేవారు. ఇంగ్లీషులో తప్పులు వస్తాయేమోనని భయం. అందుకని ఏ భాషలోనూ మాట్లాడకుండా ఉండడం అలవాటు చేసుకున్నాను. ఇప్పటికీ ఆటోలో దిగాల్సిన చోట ‘ఆపండి’ అనలేక రెండు సందులు దాటి దిగి నడిచి వచ్చిన రోజులున్నాయి. అలాంటి నన్ను మావయ్య ఒక సాయంత్రం గోడ మీంచి పిలిచారు.

“ఏటి గుంటా, ఈ ఫోనుకి నానెవుడో తెలీదంట. నువ్వు సెప్పీ దానికి.”

కొత్త ఫోను ఆయన వేలిముద్ర తీసుకోవడం లేదు. తీగతాళ్ళు లాగి లాగి ఆ వేళ్ళ మీద గీతలు ఏనాడో అరిగిపోయాయి. నోటితో చెబితే రాసుకుంటుందని నేనే చూపించాను. ఆయన చెప్పారు, అది మరేదో రాసింది. మూడుసార్లు చూసి, ఫోను నా చేతిలో పెట్టేశారు.

“ఏలిముద్ర పడదు. మాట ఎక్కదు. మరిది ఎవుడి కోసం సేసినారమ్మా?”

ఈ వేదికలో ఆయనకి ఖాతా తెరిచిపెట్టాను. ఆ ప్రశ్నే ఇక్కడ ఆయన మొదటి పోస్టు. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. రెండు రోజులపాటు అందరూ దాని మీద కొట్టుకున్నారు. కంపెనీల తప్పని ఒకరు, ముసలివాళ్ళు మారాలని ఇంకొకరు. నేను ఒక్కొక్కటీ చదివి వినిపిస్తూంటే ఆయన ముఖంలోకి వెలుగు వచ్చింది. “అచ్చం మా క్యాంటీనులాగే ఉన్నాది” అన్నారు. రిటైరయ్యాక ఆయన పోగొట్టుకున్నది క్యాంటీను. అక్కడ ప్రతి టీకీ ఒక తగువు ఉండేదట. ఇంట్లో తగువాడే మనిషి లేరని కాదు. ఆయన భార్య, మా అత్తయ్య, ఆ మాటే అనేవారు.

“ఎదురుగుండా నాను కూకున్నాను. నాతోటి ఒక్క ముక్క ఆడడు. కనబడనోళ్ళతోటి రోజల్లా తగువు.”

“నీతోటి ఆడితే నెగ్గలేను కదేటే” అనేవారు మావయ్య.

అప్పట్నుంచి సాయంత్రం అయిదింటికి నేను వాళ్ళ వరండాలోకి వెళ్ళడం అలవాటైంది. తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు రెండు, స్టీలు గ్లాసుల్లో టీ. నేను మీ మాటలు చదివేదాన్ని, ఆయన జవాబు చెప్పేవారు, నేను రాసేదాన్ని. రాసిన వెంటనే పంపనిచ్చేవారు కాదు. పోర్టులో బరువు ఎత్తేటప్పుడు ఒక పద్ధతి ఉందట. కొక్కేనికి తగిలించిన సరుకుని ముందు నేలకి జానెడు ఎత్తు లేపి ఆపాలి. తాళ్ళు సరిగ్గా బిగుసుకున్నాయా, బరువు ఒక పక్కకి ఒరుగుతోందా చూడాలి. అంతా బాగుంటే కిందనున్న మనిషి చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పుతాడు. అప్పుడే పైకి లేపాలి.

“జానెడు లేపేవా? మరాపు. టీ తాగు.”

జవాబు ఫోనులో అలా ఆగి ఉండగా మేము టీ తాగేవాళ్ళం. తర్వాత నేను మళ్ళీ బిగ్గరగా చదవాలి. నచ్చకపోతే ‘దించీ’ అనేవారు, చెరిపేసేదాన్ని. నచ్చితే ఏమీ అనరు. కుర్చీ చేతి మీంచి వేలెత్తి మెల్లగా తిప్పేవారు. అప్పుడు పంపేదాన్ని.

బ్యాటరీని జిగురుతో అతికించేసిన ఫోన్ల గురించి ఆయన అడిగింది ఒకటే: “కొన్నప్పుడు నాది, పాడైనప్పుడు కంపెనీదీ ఏటి?” పది నిమిషాల్లో ఇంటికి సరుకులు తెచ్చే యాప్‌ల మీద మీరు వాదించుకుంటున్నప్పుడు, “సరుక్కి పది నిమిషాలు సరే. బండి తోలినోడికి ఎన్ని నిమిషాలు?” అన్నారు. ఉక్కు ఫ్యాక్టరీ అమ్మకం చర్చకి వచ్చిన వారంలో మాత్రం ఒక్క ముక్క రాయించలేదు. ఎందుకని అడిగాను. “దాని మీద నాకు కోపం ఎక్కువమ్మా. కోపంగున్న రోజున మా మేస్త్రీ క్రేన్ ఎక్కనిచ్చీవోడు కాదు” అన్నారు.

మీలో ఆయనకి బాగా ఇష్టమైనవారు ‘సబ్బవరం రిపేరు’. ఇక్కడికి కొత్తగా వచ్చినవారి కోసం చెబుతున్నాను, ఆయన సబ్బవరంలో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు నడుపుతారు. మావయ్య అవునన్న ప్రతిదాన్నీ ఆయన కాదన్నారు. ఒకసారి ఇలా రాశారు: ‘పెద్దాయనా, మీ కాలంలో ఫోను గోడకి కట్టీసుండేది. దానికి బ్యాటరీయే లేదు. మీకెందుకీ గొడవ?’ అది విని మావయ్య దగ్గు వచ్చేదాకా నవ్వారు. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే అడిగే మొదటి మాట, “సబ్బవరపోడు ఏటన్నాడియ్యాల?”

మావయ్య ప్రతి జవాబునీ ‘బావా’ అని మొదలుపెట్టేవారు. క్యాంటీనులో అలవాటు. ‘కాదు బావా’, ‘అలగ్గాదు బావా, ఇను’. నేను ఆ మాట రాసేదాన్ని కాదు. ముఖం తెలియనివాళ్ళని బావా అనడమేమిటని నాకు సిగ్గు. ఆయన మాటల్ని శుభ్రంగా, పుస్తకంలోలా దిద్ది రాసేదాన్ని. రెండోసారి చదివినప్పుడు ఆ మాట లేకపోవడం ఆయన గమనించే ఉంటారు. ఎప్పుడూ అనలేదు. మీలో ఒకరు ఆయన్ని రిటైర్డు లెక్చరర్ అనుకున్నారు. ఇంకొకరు, ‘పెద్దాయన మాట పద్ధతిగా ఉంటుంది కానీ దగ్గరికి రానివ్వదు’ అన్నారు. ఆ దూరం ఆయనది కాదు.

ఇక ఆ ఒక్క జవాబు సంగతి. సుమారు ఎనిమిది నెలల క్రితం మావయ్య కంటి పరీక్షకి సీతమ్మధార వెళ్ళారు. ఆ మధ్యాహ్నం నా ఫోనులో ఆయన ఖాతా తెరిచి చదువుతున్నాను. పాత ఫోన్ల మీద జరుగుతున్న వాదనలో సబ్బవరం ఆయన రాశారు: ‘పింఛను తింటూ కుర్చీలో కూర్చుని ఎన్నయినా చెప్పొచ్చు. షాపు తీసి చూడండి తెలుస్తాది.’ మావయ్య చెవిన పడితే నవ్వి ఊరుకునే మాట అది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇంజనీరింగు సగంలో మానేయాల్సి వచ్చిందని ఆయన అంతకుముందు ఒక చోట చెప్పుకున్నారు. నేను అది పట్టుకున్నాను. ‘సగంలో ఆగిన చదువుకి తర్కం కూడా సగమే వస్తుంది. మిగతా సగాన్ని స్క్రూడ్రైవరుతో బిగించలేరు’ అని రాశాను. టీ లేదు. రెండోసారి చదవడం లేదు. వేలెత్తే మనిషి ఎదురుగా లేరు. పంపేశాను.

చాలామంది మెచ్చుకున్నారు. జీవితంలో మొదటిసారి నా మాటకి నలుగురు నవ్వారు. ఒక గంటసేపు సంతోషంగా ఉన్నాను కూడా. సబ్బవరం ఆయన జవాబివ్వలేదు. ఆ రోజూ ఇవ్వలేదు, ఆ వారమూ ఇవ్వలేదు.

సాయంత్రం మావయ్య కంటికి నల్ల అద్దాలతో వచ్చారు. చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నారు. చదివాను. ఆయన నల్ల అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“లోడు ఎత్తినప్పుడు లోడుకేసి సూడకూడదమ్మా. దాని కింద ఎవుడున్నాడో సూడాల.”

తిడతారని ఎదురుచూశాను. ఆయన క్షమాపణ రాయించారు, తన పేరుతోనే. ‘ఆ మాట అనకూడనిది. తప్పు నాది.’ నేను ఆపబోతే, “క్రేను నాది. తాళం నీకిచ్చింది నాను” అన్నారు. “నా వంతు అయిపోనాది. నీ వంతు నువ్వు, నీ పేరుతోటి రాయి.”

ఆ రాత్రే నా పేరుతో ఖాతా తెరిచాను. క్షమాపణ రాశాను. పంపలేదు. మర్నాడు ఒక మాట మార్చాను. ఆ తర్వాత వారం ఇంకో మాట. అలా ఎనిమిది నెలలు. మావయ్య అప్పుడప్పుడూ అడిగేవారు.

“లేపేవా గుంటా?”

“జానెడు ఎత్తులో ఉంది మావయ్యా.”

“ఇంకానా?” అని నవ్వేవారు. ఆఖరిసారి, పోవడానికి పది రోజుల ముందు అడిగినప్పుడు మాత్రం నవ్వలేదు. “లోడు గాల్లో ఒగ్గీసి బువ్వకి ఎల్లకూడదమ్మా. ఎత్తీ, లేపోతే దించీ. కిందనోడు ఎంతసేపని నిలబడతాడు?” అన్నారు. రేపు రాస్తానన్నాను. ఆగమని ఆయనే నేర్పారు. అక్కడే ఉండిపోవడం మాత్రం నేను నేర్చుకున్నది.

ఆదివారం మధ్యాహ్నం అత్తయ్య గోడ దగ్గరికి వచ్చారు. చేతిలో మావయ్య ఫోను.

“ఇది మోగతాంది పాపా. ఎవుడో పిలుత్తన్నాడు. సూడు.”

తెరిచాను. ఎనిమిది నెలల తర్వాత ‘సబ్బవరం రిపేరు’ రాశారు. ‘పెద్దాయనా, నాలుగు రోజుల్నుంచి కనబడ్డం లేదు. ఒంట్లో బాగుందా? బ్యాటరీల గురించి మీరన్నదాంట్లో కొంత నిజం ఉంది. కొంతే. రండి, తేల్చుకుందాం.’

అంటే ఇన్నాళ్ళూ ఆయన ఒక్క మాటా రాయకుండా, అన్నీ చదువుతూనే ఉన్నారు. మావయ్య కనిపించడం లేదని ఈ వేదికలో అందరికన్నా ముందు గమనించినది, మేము నొప్పించి పంపేసిన మనిషి. మేము కాదు, నేను.

అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నారు. “సెప్పీమ్మా ఆ బాబుకి. మీ మావయ్య వత్తాడని ఎదురుసూత్తాడు పాపం” అన్నారు.

మావయ్య ఖాతాలోంచే రెండు వాక్యాలు రాసేయవచ్చు. చెయ్యి అటే వెళ్ళింది. మూసేశాను. ఇది నా ఖాతా. ఇది నా పేరు. దీనిలోంచి వస్తున్న మొదటి మాట ఇదే.

సబ్బవరం వారికి: మీ చదువు గురించి ఆ మాట రాసింది నేను. మావయ్య ఆ సమయానికి ఇంట్లో లేరు. నాతో అది రాయించింది మీ మీద కోపం ఒక్కటే కాదు, ఒక్కసారి నెగ్గాలన్న ఆశ కూడా. క్షమించమని అడుగుతున్నాను. మీరు క్షమించకపోయినా ఇది తీసేయను. ఇంకొకటి కూడా మీకు అందాల్సి ఉంది. ఆయన మీకు రాయించిన ప్రతి జవాబుకీ మొదట్లో ‘బావా’ ఉంది. పాతవన్నీ ఎప్పుడైనా మళ్ళీ చదివితే, ఆ మాట చేర్చుకుని చదవండి.

ఇదంతా వాళ్ళ వరండాలో కూర్చునే రాశాను. రాయడం అయ్యాక ఆగాను. అత్తయ్య టీ ఇచ్చారు, తాగాను. రెండోసారి బిగ్గరగా చదివాను. ఆవిడ విని, గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళారు. పంపే ముందు, అలవాటు కొద్దీ ఆ వేలు కోసం తల ఎత్తి ఎదురుగా చూశాను. మావయ్య కుర్చీ చేతి మీద రోజూ గ్లాసు పెట్టిన చోట గుండ్రటి మరక ఉంది. ఎండ దాని మీంచి మెల్లగా పక్కకి జరుగుతోంది.